పదిమందికి పంచవలసిన విద్య: ప్రాంతీయ మత్తువైద్యమున ఫెలోషిప్ శిక్షణ



ఎవరి స్మృతికి అంకితముగా ఈ సాయంకాలము మనము ఇచ్చట సమావేశమైతిమో, ఆ డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు ఆమె పనిచేసిన హైదరాబాదు నగరముననే చాలమందికి తెలియకుండుట నాకు మిక్కిలి విచారము కలిగించు విషయము. పార్సీ కుటుంబమునకు చెందిన ఆ మహిళ, ఆడపిల్ల బడికి పోవుటయే అపూర్వమనిపించుకొనిన కాలమున, 1885లో హైదరాబాదు వైద్యపాఠశాలలో చేరి, రెసిడెన్సీ సర్జనుగా నుండిన ఎడ్వర్డ్ లారీకి శిష్యురాలై, 1889లో హకీం పట్టము పొంది, అటుపిమ్మట రెసిడెన్సీ ఆస్పత్రిలోను, నేటి ఉస్మానియా ఆస్పత్రికి పూర్వరూపమైన అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిలోను, జనానా ఆస్పత్రిలోను రోగులకు క్లోరోఫారము ఇచ్చుటయే తన వృత్తిగా గైకొని, ప్రపంచమునందలి తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా చరిత్రకెక్కినది.

ఆమె గురువు బోధించిన సిద్ధాంతము సుప్రసిద్ధము. క్లోరోఫారము ఇచ్చునప్పుడు వైద్యుని దృష్టి రోగి నాడిమీద గాక ఊపిరిమీద నిలిచి యుండవలెనని లారీ పట్టుబట్టెను. ఆ వాదమును పరీక్షించుటకై నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వపు ధనసహాయముతో 1888లోను, 1889లోను రెండు క్లోరోఫారం కమీషన్లు హైదరాబాదులో జరిగెను. రెండవదానికి లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ లండను నుండి వచ్చి పాల్గొనెను. ఊపిరిని కనిపెట్టుమన్న ఉపదేశము అనేక ప్రాణములను కాపాడినది. కాని ఊపిరి చెడకుండ గుండె ముందుగా ఆగిపోదన్న తీర్మానము మాత్రము నిలువలేదు. తేలికపాటి క్లోరోఫారము క్రింద గుండె హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో లెవీ అను పరిశోధకుడు ప్రయోగపూర్వకముగా నిరూపించెను. గొప్ప గురువుల మాటను సైతము శిష్యులు పరీక్షింపదగునని చెప్పుటకు మన నగరచరిత్రలో ఇంతకంటె మంచి నిదర్శనము దొరకదు.

అయితే నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆకర్షించిన విషయము వేరొకటి. ఇరువది సంవత్సరములు మత్తువైద్యమునందు ఆరితేరిన పిమ్మట, 1909లో, రూపాబాయి ఎడింబరో నగరమునకు వెళ్లి మరల విద్యార్థిని అయినది. మత్తువైద్యమునకు ప్రత్యేక పాఠ్యక్రమము ఆనాడు అచ్చట లేదు. అందుచేత, తాను నిత్యము చేతబట్టు ఆవిరులయు, ద్రవములయు స్వభావము తెలిసికొనుటకు అక్కరకు వచ్చునని భౌతిక, రసాయనశాస్త్రములను అభ్యసించినది. లేని ఫెలోషిప్పును, అనగా పట్టము పొందిన వైద్యుడు ఒక శాఖలో పొందు ప్రత్యేకశిక్షణను, తనకై తానే కల్పించుకొనినదన్నమాట. నేడు అట్టి శిక్షణ లోకమున ఏర్పడియున్నది; కోరిన వైద్యునకు అందుచున్నది. అది ఎందులకు, ఎవరి కొరకు అను ప్రశ్ననే ఈనాటి ప్రసంగమునకు విషయముగా గ్రహించితిని. నా వాదమును ముందే చెప్పివేసెదను: ప్రాంతీయ మత్తువైద్యమున ఫెలోషిప్పు పొందిన వైద్యుని యోగ్యతను, అతడు చేయగల అరుదైన బ్లాకుల సంఖ్యను బట్టి గాక, ఫెలోషిప్పు పొందని తోటివైద్యులకు అతడు నమ్మకముగా నేర్పగల నాలుగైదు బ్లాకులను బట్టి నిర్ణయింపవలెను.

1

సభలో వైద్యేతరులును ఉన్నారు గనుక ఒక మాట. రోగిని పూర్తిగా నిద్రపుచ్చక, శస్త్రచికిత్స జరుగు భాగమునకు పోవు నరముల చుట్టు మందు చేర్చి, ఆ భాగమును మాత్రమే మొద్దుబారజేయుట ప్రాంతీయ మత్తు. నడుమున సూది వేయించుకొని, మెలకువతోనే బిడ్డ తొలి ఏడుపు వినిన ప్రతి తల్లికిని ఇది అనుభవైకవేద్యము. చేతికి, భుజమునకు, మోకాలికి, పాదమునకు పోవు నరములను విడివిడిగా పట్టుట దీని తరువాతి మెట్టు; ఇట్లు నరమును పట్టి మొద్దుబారజేయుటనే బ్లాకు అందురు.

ఈ విద్య పుట్టుక రూపాబాయి విద్యార్థిదశతో ఇంచుమించుగా సమకాలికము. వియన్నా నగరమున కార్ల్ కోలర్ అను యువవైద్యుడు కొకెయిను చుక్కలతో కన్ను మొద్దుబారునని కనుగొనినది 1884లో. హైడెల్‌బెర్గు నేత్రవైద్య సభకు పోవుటకు దారిఖర్చులు లేక, అతడు తన పత్రమును మిత్రుడైన బ్రెటావర్‌చే చదివించెను. అదే సంవత్సరము అమెరికాలో హాల్‌స్టెడ్ అను వైద్యుడు నరముల చెంతకు కొకెయిను చేర్చి చూచెను. తనపైననే ప్రయోగములు చేసికొని ఆ మందునకు దాసుడయ్యెను. 1898లో జర్మనీలోని కీల్ నగరమున ఆగస్ట్ బియర్ వెన్నులోనికి మందు ఎక్కించి శస్త్రచికిత్స చేసెను. ఇవన్నియు సాహసికులైన వ్యక్తుల గాథలు. కనుగొనిన దానిని తరువాతి వారికి క్రమముగా అందించు ఏర్పాటు వీరిలో ఎవరికిని లేదు.

ఆ ఏర్పాటునకు పూనుకొనినవాడు గాస్టన్ లాబాత్. సెషెల్స్ ద్వీపములలో పుట్టి, పారిస్ నగరమున విక్టర్ పోషే వద్ద ఈ విద్య నేర్చి, చార్లెస్ మేయో ఆహ్వానముపై 1920లో అమెరికా చేరి, మేయో క్లినిక్కులో శస్త్రవైద్యులకు తన హస్తనైపుణ్యమును పాఠముగా చెప్పెను. 1922లో ఆయన వ్రాసిన ప్రాంతీయ మత్తు గ్రంథము ఒక తరమునకు పాఠ్యపుస్తకమైనది. 1923లో ఆయన చుట్టు చేరినవారిచే అమెరికా ప్రాంతీయ మత్తు సంఘము ఏర్పడినది. 1934లో ఆయన మరణించెను. కొలది సంవత్సరములకే సంఘము సన్నగిల్లి, 1940 ప్రాంతమున అంతరించినది. అలోన్ విన్నీ ప్రభృతులు 1975లో మరల నెలకొల్పువరకు మూడు దశాబ్దములకు మించి దానిని తలచినవారు లేరు. నిద్రపుచ్చు మందులు, ఊపిరిగొట్టములు, కండరములను సడలించు మందులు అభివృద్ధి చెందుటయు దీనికి కారణమే, కాదనను. కాని ఒక మహానుభావుని హస్తనైపుణ్యముపై ఆధారపడిన విద్య, ఆయనతో కూడ క్షీణించుటకు ఇది ఉదాహరణము.

ఇంగ్లండునందలి కథ ఇంకను దుఃఖకరము. 1947 అక్టోబరున చెస్టర్‌ఫీల్డ్ ఆస్పత్రిలో ఒకే దినమున వెన్నులో మత్తు పొందిన రో, వూలీ అను ఇరువురు రోగులు కాళ్లు పడిపోయి శాశ్వతముగా వికలాంగులైరి. 1953లో న్యాయస్థానము వైద్యుని తప్పు లేదని తీర్పు చెప్పినను, వెన్నుమత్తు అనినచో ఆ దేశపు వైద్యులును రోగులును ఏండ్ల తరబడి భయపడిరి. ఒక విద్యను చేపట్టువారు తక్కువైనకొలది, చేతులకు అలవాటు తప్పును; అలవాటు తప్పినకొలది భయము పెరుగును; భయము పెరిగినకొలది నేర్చుకొనువారు ఇంకను తక్కువగుదురు. నా వాదమునకు ఈ చరిత్రయే పునాది.

2

ఇక నేర్చుకొనుట యనగా ఏమో కొంచెము దగ్గరగా చూతము. లాబాత్ కాలమునుండి ఇటీవలి వరకు సూది నడుపుటకు ఎముకల గుర్తులు, ధమని కొట్టుకొనుట, సూదిమొన నరమును తాకినప్పుడు చేతిలోనికి జిల్లుమని ప్రాకిన తిమ్మిరి, ఆ తరువాతి కాలమున విద్యుత్తుతో కండరమును అదరగొట్టు చిన్న యంత్రము, ఇవియే ఆధారములు. 1994లో అదే వియన్నా నగరమున కప్రాల్ ప్రభృతులు జత్రుక (కాలర్ ఎముక) పైభాగమున అల్ట్రాసౌండ్ సహాయముతో బ్లాకు చేసి చూపిరి. అప్పటినుండి నరము కంటికి కనబడుచున్నది. కనబడునది గనుక సులభమనుకొనుట పెద్ద భ్రమ.

చంకక్రింద బ్లాకు చేయు శిక్షణార్థిని ఊహింపుడు. చెరకుగానుగలో పడి నలిగిన చేయి. రోగి మెలకువతోనే యున్నాడు. అల్ట్రాసౌండ్ ప్రోబును చంకలో నిలిపినాము. తెరపై నల్లని గుండ్రని ధమని కొట్టుకొనుచుండును. దాని చుట్టు మూడు నరములు, తేనెపట్టు ముక్కలవలె చిన్నచిన్న గదులతో గోచరించును. నాల్గవది కొంచెము ఎడముగా కండరములో దాగియుండును. శిక్షణార్థి బొమ్మ బాగుగా కనబడవలెనని ప్రోబును గట్టిగా అదుమును. అదిమినంతనే సిరలు అణగిపోయి తెరమీద మాయమగును. సిరలు లేవని నమ్మి అతడు సూదిని వానిలోనికే నడుపవచ్చును. కావున గురువు మొదట నేర్పునది చేయి తేల్చుట. చేయి కొద్దిగా తేల్చగానే నల్లని సిరలు ధమని ప్రక్కన మరల తెరచుకొనును. తరువాత సూది. సూది తెల్లని గీతగా కనబడును. ఆ గీత చివర సూదిమొన అనుకొనుట సహజము. కాని ప్రోబు ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో తెరపై కనబడునది సూది నడుమభాగము మాత్రమే. మొన ఎచ్చటనో కనుమరుగై ముందుకు పోవుచుండును.

ఇది నా ఊహ కాదు. 2007లో సైట్స్ ప్రభృతులు శిక్షణలోనున్న వైద్యులు చేసిన 520 బ్లాకులను వీడియోలో చిత్రించి పరిశీలింపగా 398 పొరపాట్లు లెక్కకు వచ్చినవి; అందు అత్యధికము సూదిని చూడకుండ ముందుకు త్రోయుట, తెలియకుండ ప్రోబును కదల్చుట. అభ్యాసముతో పొరపాట్లు తగ్గినవి. అయినను ప్రక్కన నిలిచి “ఆగుము, మొన ఏదీ?” అని అడుగువారు లేనిచో ఆ అభ్యాసమే పొరపాటును స్థిరపరచును. ఇచ్చట గురుసన్నిధికి ప్రత్యామ్నాయము లేదని నా దృఢవిశ్వాసము. వారాంతపు కార్యశాలలో కోడిమాంసపు ముక్కలోనికి సూది నడిపి చూచుట మంచిదే. నేనును అట్టివానిని ప్రోత్సహించుదును. కాని దానితో సర్టిఫికెట్టు చేతబట్టి సోమవారమున రోగిపై చేయుట ఎంత మాత్రము తగదు.

ఇంకొక సంగతి. రోగి మెలకువగా నుండును. అతడు వినుచుండును, భయపడుచుండును, మన ముఖము చూచుచుండును. మందు ఎక్కించుచున్న చేయి ఆగకుండగనే నోరు అతనితో మాటలాడుచుండవలెను: “అయ్యా, నోటిలో ఇనుపరుచి ఏమైనా తెలియుచున్నదా? పెదవులు తిమ్మిరెక్కినవా? చెవులలో హోరు వినబడుచున్నదా?” ఇవి ఊరడింపు మాటలు మాత్రమే కావు. మందు రక్తములో కలిసిన తొలిక్షణములలో అవే హెచ్చరికలు. మాటలాడుచు చేయుట, చేయుచు వినుట, వినుచు ఆపుట అను మూడు పనులు ఒక్కసారి అలవడుటకు నెలలు పట్టును.

3

అయినను, హస్తకౌశలము కొరకే అయినచో ఆరునెలలు చాలును. ఫెలోషిప్పునకు సంవత్సరము మొత్తము ఎందులకని ఎవరైనను అడిగినచో, వివేకము కొరకని చెప్పుదును. దీనిని గురించి కొంత విస్తరించి చెప్పుటకు అనుజ్ఞ వేడెదను, ఏలయన బ్లాకుల పట్టికలలో వ్రాయబడనిది ఇదియే.

ఎనుబదేండ్ల అవ్వ వాకిట కాలుజారి పడి తుంటి విరుగగొట్టుకొనినది. వెన్నులో మత్తు ఇచ్చుటకు ఆమెను కూర్చుండబెట్టవలెను, లేదా ప్రక్కకు తిప్పవలెను. కదలించినంతనే ఆమె అరచుచున్నది. ఇద్దరు మనుషులు పట్టుకొని వంచుట, వంచునప్పుడు ఆమె పెట్టు కేకలు, ఇవన్నియు మనము ఆస్పత్రులలో విని విని చెవిన పెట్టని సంగతులు. శిక్షితుడైన వైద్యుడు ముందుగా గజ్జలో ఫేషియా ఇలియాకా బ్లాకు చేసి, అరగంట ఆగి, అప్పుడు ఆమెను మెల్లగా తిప్పును. ఆ అరగంట వేచియుండుటకు శస్త్రవైద్యుని ఒప్పించుట కూడ విద్యలో భాగమే. అదే అవ్వకు గుండెలో స్టెంటు వేసి, రక్తమును గడ్డకట్టనీయని క్లోపిడోగ్రెల్ ఇచ్చుచున్నారనుకొందము. ఆ మందు ఆపిన తరువాత అయిదు నుండి ఏడు దినములు గడువనిదే వెన్నులో సూది వేయరాదని మార్గదర్శకములు చెప్పుచున్నవి. తుంటి విరిగిన వృద్ధురాలిని అన్ని దినములు మంచముమీద నుంచినచో న్యుమోనియా, పుండ్లు, కాళ్లలో రక్తపు గడ్డలు ఆమెను ముందే కబళింపవచ్చును. ఏ దారి పట్టవలెనో పుస్తకము చెప్పదు. ఇట్టి నిర్ణయములు తీసికొనిన గురువు ప్రక్కన నిలిచి, అతడు ఏల అట్లు చేసెనో అడిగి తెలిసికొనిన శిష్యునకే అది తెలియును.

భుజమునకు శస్త్రచికిత్స అనుకొనుడు. మెడలో, స్కేలిన్ కండరముల నడుమ చేయు బ్లాకు ఉత్తమము. కాని అదే మందు ఫ్రెనిక్ నరమును కూడ తడిపి, ఊపిరి తీయించు ఉదరవితానమును ఆ ప్రక్కన సోమరిని చేయును. అప్పటి వాడుకలోనున్న మోతాదులతో ప్రతి రోగికిని ఇట్లు జరిగినదని 1991లో ఉర్మీ ప్రభృతులు చూపిరి. ఆరోగ్యవంతునకు ఇది తెలియనైనను తెలియదు. క్షయవ్యాధితో ఒక ఊపిరితిత్తి నాశనమైనవానికి, రెండవ ప్రక్కన ఈ బ్లాకు చేసినచో? మన దేశమున క్షయవ్యాధి మచ్చలు మోయుచున్న ఛాతీలు ఎన్ని లేవు! మోకాలిక్రింద ఎముక విరిగి పిక్క బిగిసికొనిపోవుచున్న యువకునకు సంపూర్ణముగా నొప్పి తీసివేసినచో, లోపల కండరము చచ్చిపోవుచున్నదని చెప్పెడి ముఖ్యమైన హెచ్చరికను మనమే నోరు మూయించినవారము కాగలము. చేయగలిగినంత మాత్రమున చేయరాదన్న నియమము శిక్షణార్థికి ఇట్టి రోగుల మంచములవద్ద ఒంటబట్టవలెను.

మోతాదు సంగతి చూడుడు. బుపివకెయిన్ మందు దేహపు ప్రతి కిలోకు 2 మిల్లీగ్రాములకు మించరాదని సాధారణముగా చెప్పుదురు. అర శాతపు మందున మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములుండును. 70 కిలోల దొరకు 28 మిల్లీలీటర్లు చెల్లును. మన పల్లెనుండి వచ్చిన, 40 కిలోలకు మించని కూలితల్లికి చెల్లునది 16 మాత్రమే. ఆమెకు 25 మిల్లీలీటర్లు ఎక్కించుట అజాగ్రత్త మాత్రమే కాదు, ప్రాణాపాయము. ఆమె బరువు తూచి చూచిన తరువాతనే సిరంజి నింపుట అను అలవాటు ఫెలోషిప్పు మొదటివారముననే పట్టుబడవలెను. ఇట్టి విషప్రభావమున గుండె ఆగినచో, 20 శాతపు కొవ్వు ఎమల్షన్‌ను సిరలోనికి ఎక్కించి రక్షింపవచ్చునని వైన్‌బర్గ్ 1998లో ఎలుకలయందు కనుగొనెను. 2006లో మనుష్యునియందు అది ఫలించిన తొలి వృత్తాంతము వెలువడినది. ఆ 40 కిలోల తల్లికి మొదటి మోతాదు 60 మిల్లీలీటర్లు. ఆ సీసా ఏ అలమారలో నున్నదో, దాని తాళపుచెవి రాత్రి రెండుగంటలకు ఎవరివద్ద నుండునో తెలియనివాడు ఎంత గొప్ప బ్లాకు చేసినను శిక్షితుడు కాడని నేను నిస్సంకోచముగా చెప్పుచున్నాను.

బ్లాకు చేసిన తరువాతి దినము కూడ మనదే. మొద్దుబారిన చేయికి నొప్పి తెలియదు, వేడియు తెలియదు. ఇంటివారు ప్రేమకొలది వేడినీళ్లతో కాపడము పెట్టినచో, ఆ చేయి కాలి బొబ్బలెక్కినను రోగికి తెలియదు. కావున రోగితోపాటు వచ్చిన తల్లికో, భార్యకో ఈ మాట వారి యాసలో చెప్పి, వారిచేత తిరిగి చెప్పించుకొనవలెను. మరునాడు వార్డునకు పోయి, వ్రేళ్లు కదలుచున్నవా, తిమ్మిరి ఎంతవరకు మిగిలినదని స్వయముగా చూచుట, విఫలమైన బ్లాకు ఏల విఫలమైనదో వ్రాసియుంచుట, ఈ పనులు చేయనిచో వేయి బ్లాకులు చేసినను ఒక బ్లాకే వేయిసారులు చేసినట్లగును.

4

ఇప్పుడు నా ప్రధానవాదమునకు వచ్చుచున్నాను. అమెరికాలో ప్రాంతీయ మత్తు ఫెలోషిప్పులు చాలకాలము ఏ ఆస్పత్రికి ఆ ఆస్పత్రి ఏర్పరచుకొనినవే; 2016లో మాత్రమే ఆ దేశపు పట్టభద్రవైద్యశిక్షణ మండలి వానిని గుర్తించుట ఆరంభించినది. మన దేశమున కోయంబత్తూరు గంగా ఆస్పత్రి వంటి సంస్థలు ఏండ్ల తరబడి ఈ శిక్షణ నిచ్చుచున్నవి. మన తెలుగు యువవైద్యులు అచ్చటికిని, ఇంగ్లండు, కెనడా దేశములకును పోయి శిక్షణ పొంది వచ్చుచున్నారు. కొందరు రాకయు ఉన్నారు. వారిని నిందించుట నా అభిమతము కాదు. వచ్చినవారు ఏ పనిలో చేరుచున్నారన్నదే నా ప్రశ్న. బహుళసంఖ్యాకులు మహానగరపు కార్పొరేటు ఆస్పత్రులలో మోకాలి మార్పిడి చికిత్సలకు బ్లాకులు చేయుచు, ఏటేట క్రొత్తగా పేరుపెట్టబడు బ్లాకులను అభ్యసించుచున్నారు. వెన్నుప్రక్క కండరముల క్రింద చేయు ఎరెక్టర్ స్పైనే బ్లాకును 2016లో ఫొరెరో ప్రభృతులు వర్ణించిన నాటినుండి ఎన్ని క్రొత్త పేర్లు పుట్టినవో లెక్కించుట కష్టము.

ఈ మితిలేని పెరుగుదలను చూచియే 2020లో టర్బిట్, మారియానో, ఎల్‌బోగ్దాద్లీ అను ముగ్గురు ఒక వ్యాసమున, ఈ విద్య కొద్దిమంది నిపుణుల సొత్తుగా నుండరాదనియు, ప్రతి మత్తువైద్యునకు రావలసిన బ్లాకులు ఏడే యనియు ప్రతిపాదించిరి. చేతికి రెండు, కాలికి మూడు, మొండెమునకు రెండు. వీనిలో ఏదియు క్రొత్తదనము కొరకు ఎన్నుకొనబడినది కాదు. ఆ వ్యాసము చదివినప్పుడు నాకు కలిగిన సంతోషమును దాచుకొనను. లాబాత్ సంఘము ఏల అంతరించెనో వారు గ్రహించినట్లు తోచినది.

మన పరిస్థితిలో ఈ ప్రతిపాదనకు మరింత బలము కలదు. పాడేరు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ఆస్పత్రులలో శిశువును తీయవలసిన రాత్రి మత్తువైద్యుడు దొరకక తల్లులను నగరమునకు పంపుట మన కందరకు తెలిసిన వ్యథ. ఆ కొరత తీర్చుటకు భారత ప్రభుత్వము ఎం.బి.బి.ఎస్. వైద్యులకు 18 వారముల ప్రాణరక్షక మత్తు శిక్షణ నిచ్చు పద్ధతి నెలకొల్పినది. నేను ఆ వైద్యులలో కొందరిని ఎరుగుదును. వారు వెన్నుమత్తు ఇచ్చుటలో ఎంత నిష్ఠతో పనిచేయుదురో చూచినచో గౌరవము కలుగును. కాని ఆ శిక్షణ ముగిసిన పిమ్మట వారికి సందేహము వచ్చినచో అడుగదగిన మనిషి దగ్గరలో లేడు. ఫెలోషిప్పు పొందిన వైద్యుడు అచ్చట ఉండవలసినవాడు. అతడు చేతికి ఒకటి, గజ్జకు ఒకటి, మోకాలిక్రిందికి ఒకటి, పొట్టగోడకు ఒకటి, ఈ నాలుగు బ్లాకులను జిల్లా మత్తువైద్యులకు తప్పులేకుండ నేర్పినచో, అతని సంవత్సరపు విద్య జిల్లాలో వందల రోగులకు చేరును.

ఒక ఆక్షేపము వచ్చుననుట ఎరుగుదును. సభలోని పెద్దలలో ఒకరు ఇదివరకే నాతో అనిరి: “అయ్యా, తక్కువ శిక్షణ పొందినవారికి సూది ఇచ్చినచో ప్రమాదములు పెరుగవా?” ఆక్షేపము న్యాయమైనదే. చెస్టర్‌ఫీల్డ్ కథ చెప్పినవాడను దానిని తేలికగా త్రోసిపుచ్చలేను. కాని గజ్జలోని బ్లాకు రక్తనాళమునకు, నరమునకు దూరముగా చేయునది. మెడలోని బ్లాకు వంటిది కాదు. ఏది అందరికి నేర్పదగినదో, ఏది నిపుణుని చేతిలోనే యుండవలెనో విడదీసి చెప్పగలిగినవాడు ఫెలోషిప్పు పొందినవాడే. ఆ విభజన చేయుటయే అతని తొలి ధర్మము.

5

మరి ఏమి చేయవలెను? సంవత్సరపు శిక్షణలో తొమ్మిదినెలలు పెద్ద ఆస్పత్రిలో, తుది మూడునెలలు జిల్లా ఆస్పత్రిలో గడుపవలెనని నా సూచన. ఆ మూడునెలలు శిక్షణార్థి చేయు బ్లాకులు తక్కువ యుండవచ్చును. చేయించు బ్లాకులే అతని పరీక్షకు ఆధారము కావలెను. పరీక్షాధికారులు అభ్యర్థి చేతిలో సూది నుంచక, అతని ప్రక్కన ఒక చిన్నవైద్యుని నిలిపి, “ఇతనిచే చేయింపుము” అని అడుగవలెను. ఎప్పుడు మాట కలుగజేసికొనెను, ఎప్పుడు మౌనముగా నిలిచెను, రోగికి బాధ కలుగక మునుపే ఆపెనా, చేయి దాటిన తరువాత ఆపెనా, ఇవి చూడవలెను. సూది గ్రుచ్చుటకు ముందు ఏ ప్రక్కన బ్లాకో సరిచూచుకొనుటకు ఒక క్షణము ఆగు పద్ధతిని బ్రిటనునందు ప్రచారము చేసినను, తప్పుప్రక్కన బ్లాకులు ఇంకను జరుగుచునేయున్నవి. కావున అభ్యర్థి ఆ క్షణము తన శిష్యునిచే ఆగజేయునా లేదా అన్నది పరీక్షలో తప్పక చూడవలసిన అంశము.

చివరగా, పాలనాధికారులు కొందరు ఈ సభకు విచ్చేసినందున, ఒక ఆచరణసంబంధమైన విషయము. అల్ట్రాసౌండ్ యంత్రము లేనిదే ఈ శిక్షణ లేదు. కాని పుట్టబోవు ఆడపిల్లల ప్రాణములను కాపాడుటకై 1994లో వచ్చిన లింగనిర్ధారణ నిషేధ చట్టము క్రింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమును ఆస్పత్రి పేర నమోదు చేయింపవలెను. ఒకచోట నమోదైన యంత్రమును ఇష్టము వచ్చినట్లు ఇంకొకచోటికి మోసికొనిపోరాదు. ఆ చట్టపు ఉద్దేశము పవిత్రమైనది. దానికి సడలింపు నేను కోరను. కోరునది ఒక్కటే: శిక్షణార్థిని పంపదలచిన జిల్లా ఆస్పత్రికి మత్తువైద్య విభాగము పేర దాని సొంత యంత్రము ముందుగా కావలెను, దాని నమోదు ముందుగా పూర్తికావలెను. శిక్షణార్థి వచ్చిన తరువాత దరఖాస్తు పెట్టినచో అతని మూడునెలలు కాగితములతోనే గడచును. నేనెరిగిన ఒక ఆస్పత్రిలో యంత్రము వచ్చి, నమోదు కాక, బట్ట కప్పి మూలనుంచబడగా, ఆ కాలమంతయు నొప్పితో మెలికలు తిరిగిన రోగులు దాని ప్రక్కనుండియే థియేటరులోనికి పోయిరి. అందుచేత, జిల్లా ఆస్పత్రికి శిక్షణార్థి పదవిని మంజూరు చేయుమని వ్రాయు లేఖయు, యంత్రపు కొనుగోలుకు, నమోదుకు వ్రాయు దరఖాస్తులును, కొవ్వు ఎమల్షన్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చుమని వ్రాయు లేఖయు, ఒకే దినమున, ఒకే దస్త్రముగా పంపవలెనని మనవి చేయుచున్నాను.